పాళ్ళు రాసిన చెయ్యి, కలిపిన చెయ్యి

సోమాజిగూడ కూడలికి ఒకవైపు పంజాగుట్ట, మరోవైపు బేగంపేట. మద్యపానీయాల చరిత్రలో బాగా ప్రచారమైన రెండు కథలకు ఈ రెండు పేటలతో చుట్టరికం ఉంది. పంజా అంటే అయిదువేళ్ళ చెయ్యి. గుట్టమీద ఒక చేతిముద్ర ఉండేదని, అందుకే పంజాగుట్ట అయిందని ఊళ్ళో చెప్పుకుంటారు. పారశీకంలో పంజ్ అంటే అయిదు. మన పంచ, వాళ్ళ పంజ్ అక్కచెల్లెళ్ళు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు పెద్ద గిన్నెలో కలుపుకుని తాగిన ‘పంచ్’కు కూడా అయిదు దినుసులు పడటంవల్లే ఆ పేరొచ్చిందన్నది మొదటి కథ. రెండోది బేగంపేట వైపుది. 1897 ఆగస్టు 20న పాత విమానాశ్రయం దాపులోని ఒక చిన్న భవనంలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా గుట్టు పట్టుకున్నాడు. ఆ జ్వరానికి భయపడే తెల్ల సిపాయిలు చేదు క్వినైన్‌ను జిన్‌లో కలుపుకుని తాగారని, అదే నేటి ‘జిన్ అండ్ టానిక్’ అని చెబుతారు. రెండూ సాయంత్రంపూట రాజ్‌భవన్ రోడ్డులో ఏ బల్ల దగ్గరైనా ముచ్చటగా చెప్పుకోదగ్గ కథలే. ఈ ధారావాహిక గత భాగాల్లో శాసనాలనూ ఫర్మానాలనూ సాక్ష్యానికి పిలిచాం. ఈసారి వచ్చే సాక్షులు అంతకంటే తేలికపాటివాళ్ళు: ఒక ఉత్తరంలో ఒక వాక్యం, యాత్రికుడి పుస్తకంలో రెండు పంక్తులు, బార్‌మన్ అచ్చువేసిన పాళ్ళ పట్టిక. వీటిని ఎంతవరకు నమ్మవచ్చు, ఏ విషయంలో నమ్మకూడదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

పంచ్ అనే మాట ఇంగ్లీషులో కనిపించే, ఇప్పటిదాకా దొరికినవాటిలో తొలి కాగితం మన తీరానికి చేరిన ఉత్తరం. రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ సిపాయి 1632 సెప్టెంబరు 28 తేదీతో పేటపోలిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి దాన్ని రాశాడు. పేటపోలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. అప్పటికది గోల్కొండ రాజ్యంలో రేవు, గద్దెమీద ఉన్నది అబ్దుల్లా కుతుబ్ షా. డచ్చివాళ్ళు 1606లోనే అక్కడ కోఠీ పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడ ఇంగ్లీషువాళ్ళను మొదట పేటపోలికి, తర్వాత బందరుకు తెచ్చింది. వాళ్ళు వచ్చింది అద్దకం గుడ్డల కోసం. పేటపోలి చుట్టుపక్కల దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపుకు ఆ రోజుల్లో తిరుగులేదు. అలాంటి చోట ఉన్న మిత్రుడికి క్షేమసమాచారాల మధ్య, ఇల్లూ వాకిలీ బాగా నడుపుకుంటూ పంచ్ తాగుతుంటారని తలుస్తున్నానన్న ధోరణిలో ఆడమ్స్ ఒక మాట అన్నాడు. అంతే. అందులో ఏం పడుతుందో, ఎవరు కలుపుతారో, ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క ముక్క లేదు.

ఈ మౌనమే నాకు విలువైన సాక్ష్యంగా కనిపిస్తుంది. అవతలివాడికి తెలియని వస్తువును ఎవరూ ఇలా వివరణ లేకుండా ప్రస్తావించరు. కోలీకి పంచ్ తెలుసు, తెలుసని ఆడమ్స్‌కు తెలుసు. కాబట్టి 1632 పంచ్ పుట్టిన ఏడాది కానేకాదు. అప్పటికే అది ఇద్దరు స్నేహితుల మధ్య హాస్యానికి పనికొచ్చేంత పాతబడింది. తొలి ప్రస్తావన దొరకగానే దాన్ని జన్మపత్రికగా చదివే అలవాటు చరిత్రప్రియులందరిలోనూ ఉంది. అయితే ఈ ఉత్తరం పంచ్ వయసు చెప్పదు, దాన్ని అప్పటికే ఎంత మామూలుగా తాగేవాళ్ళో మాత్రం చెబుతుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే తక్కిన సాక్షులను ప్రశ్నించడం సులువు.

పాళ్ళు మొదట రాసినవాళ్ళు ఎవరు? బయటివాళ్ళు, తమవాళ్ళకు కొత్త వింత చెప్పాలనుకున్నవాళ్ళు. 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో అక్కడి ఇంగ్లీషువాళ్ళు తాగే ‘పాలెపుంట్స్’ గురించి రాశాడు: సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, పంచదార. లెక్కపెట్టండి, నాలుగే. తర్వాత కొన్నేళ్ళకు ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ బెంగాల్‌లో చూసిన ‘బూలెపోంజ్’లో సారా, నిమ్మరసం, నీళ్ళు, కాస్త జాజికాయ ఉన్నాయి. మళ్ళీ నాలుగే. అది ఒంటికి చేటని కూడా అతను కలిపి రాశాడు. 1670లలో మన దేశం తిరిగిన జాన్ ఫ్రయర్ అనే కంపెనీ వైద్యుడి పుస్తకంలో తొలిసారి అయిదు వచ్చింది. హిందుస్తానీలో అయిదుకు ఆ మాట ఉందని, అయిదు దినుసులవల్ల ఆ పేరని అతనన్నాడు. కానీ ఆ వెంటనే, వైద్యులు తమ మందులకు అయిదు వస్తువులుంటే ఒక పేరు, నాలుగుంటే ఇంకో పేరు పెడతారని పోలిక తెచ్చాడు. నాలుగు దినుసుల గిన్నెలు కూడా అతని కంటబడ్డాయేమోనని నా అనుమానం. పైగా ఆ పుస్తకం అచ్చయింది 1698లో, ఆడమ్స్ ఉత్తరానికి అరవైఆరేళ్ళ తర్వాత.

భాషవైపు నుంచి కూడా ఒక చిక్కుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషులో ఆ మాటను ఇప్పటిలా ‘పంచ్’ అనేవాళ్ళు కాదు, ‘పుంచ్’కు దగ్గరగా పలికేవాళ్ళు. మన ‘పాంచ్’ విని ‘పుంచ్’ అని ఎందుకు రాస్తారన్నది నిఘంటుకారుల అభ్యంతరం. సారా పీపాకు ఉన్న ‘పంచన్’ అనే పాత పేరునుంచి నావికులు కత్తిరించుకున్న మాట ఇదని మరో వాదం. నాకైతే ఏదీ తేలిందనిపించదు. అయిదు అనే వివరణలో అందం ఎక్కువ, ఆ అందమే దాన్ని అనుమానించడానికి తొలి కారణం. మన పంచదారలో పంచ ఉందని ఎవరూ చక్కెరలో అయిదు ధారలు వెతకరు కదా. అయితే పేరు సంగతి తేలకపోయినంత మాత్రాన పానీయం ఊరు తెలియకుండా పోదు. సారా, నిమ్మ, చక్కెర, సుగంధద్రవ్యం: ఇవి ఆనాటి లండన్‌లో ఖరీదైన దిగుమతి సరుకులు, కోరమాండల్ తీరంలోనూ సూరత్‌లోనూ అంగట్లో దొరికే వస్తువులు. వెంట తెచ్చుకున్న బీరూ ద్రాక్షసారాయీ ఓడ ప్రయాణంలో పాడైతే, ఉన్న ఊళ్ళో దొరికేవి కలుపుకున్నారు. ఇది ఇంగ్లీషువాళ్ళ అవసరం, ఇక్కడి సరుకు. కలిపిన చేతులు ఎవరివో మాత్రం ఏ కాగితమూ రాయలేదు.

మన ఇళ్ళలో పానకం సంగతి తీసుకుంటే ఈ మౌనం ఇంకా బాగా అర్థమవుతుంది. బెల్లం, నీళ్ళు, మిరియాలు, ఏలకులు, కొందరికి నిమ్మరసం, కొందరికి శొంఠి. శ్రీరామనవమికి పందిళ్ళలో బిందెలకొద్దీ కలుపుతారు. కలిపేవాళ్ళెవరూ కాగితం చూడరు. చూసి నేర్చుకునే చోటు ఉన్నంతకాలం రాతతో పనిలేదు. ఆ చోటునుంచి దూరం వెళ్ళినప్పుడే రాత పుడుతుంది. మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ ముద్రణమీద ముద్రణగా అమ్ముడవటానికి అసలు కారణం, నా లెక్కన, ఉద్యోగాల వెంట ఊళ్ళు మారిన కుటుంబాలు. అమ్మా అత్తా పక్కన లేని వంటింట్లోనే గ్లాసుల కొలతా చెంచాల కొలతా అవసరమయ్యాయి. నేను చెప్పదలచినది ఇదే: వంటకమైనా పానీయమైనా, రాసిన పాళ్ళు దాని పుట్టుకకు సాక్ష్యం కావు, దాని ప్రయాణానికి సాక్ష్యం. ఎక్కడ తయారైందో అక్కడ రాయరు. ఎక్కడికి చేరాలో అక్కడికోసం రాస్తారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అదీ మన పొరుగునుంచే. పన్నెండో శతాబ్దంలో, ఇంచుమించు 1129 నాటికి, కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో ‘మానసోల్లాసం’ కూర్చాడు. కల్యాణి అంటే బీదరు జిల్లా బసవకల్యాణ్, నిన్నమొన్నటిదాకా హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆ గ్రంథంలో రాజుగారి భోజనం, పానీయాల గురించి పెద్ద ప్రకరణాలున్నాయి. ఇడ్లీకి పూర్వరూపమైన ‘ఇడ్డరిక’ కూడా ఉంది, బియ్యం లేకుండా మినప్పిండితో. మరి ఆ రాజు ఏ దూరదేశానికి పంపడానికి రాశాడు? తన వంటశాల పక్కనే ఉంది కదా! నిజమే. కానీ ఆ రాత వంటవాడికోసం కాదని తేలిగ్గానే పోల్చుకోవచ్చు. పొయ్యి దగ్గర నిలబడేవాడు సంస్కృత శ్లోకం చదువుకుని మినప్పప్పు నానబోయడు. అది రాజు ఎలా భోగించాలో, ఏనుగులూ రత్నాలూ సంగీతంతోపాటు ఏవి తెలిసి ఉండాలో చెప్పే పుస్తకం. అక్కడి దూరం మైళ్ళలో లేదు, పొయ్యికీ సింహాసనానికీ మధ్య ఉంది. వంటింటి తెలివి పండితుల చేతికి వెళ్ళాలంటే వాళ్ళ భాషలోకి మారక తప్పలేదు.

అచ్చుకాలానికి వస్తే ఈ సంగతి మరీ స్పష్టం. ‘కాక్‌టెయిల్’ అనే మాటకు తొలి నిర్వచనం 1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే చిన్న ఊరి పత్రికలో వచ్చింది. ఆ మాట వారం ముందు పత్రికలో చూసిన పాఠకుడొకడు అదేమిటని అడిగితే సంపాదకుడు జవాబిచ్చాడు: ఏదో ఒక సారా, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ అనే చేదు కషాయం. తెలియనివాడు అడిగాడు కాబట్టే ఆ నాలుగు దినుసులు మనదాకా వచ్చాయి. 1862లో జెర్రీ థామస్ అనే బార్‌మన్ పానీయాలు కలిపే విధానంమీద పుస్తకం వేశాడు. ఇక్కడ నా వాదనకు ఇంకో దెబ్బ తగిలేలా ఉంది. కలిపినవాడే రాశాడు కదా! కానీ అతని కాలానికి అమెరికాలో బార్‌మన్ పని ఊరూరా తిరిగే వృత్తి అయింది. థామస్ కూడా శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి న్యూయార్క్‌దాకా పనిచేసినవాడే. గురువు పక్కన నిలబడే తీరిక లేని శిష్యులకు పుస్తకం కావాలి. అందులో జిన్ కాక్‌టెయిల్ ఇలా ఉంటుంది: ఒక వైన్ గ్లాసు జిన్, మూడు నాలుగు చుక్కల చక్కెరపాకం, రెండు చుక్కల బిట్టర్స్, ఒకటి రెండు చుక్కల కురసావో అనే నారింజతొక్క మద్యం, ఒక నిమ్మతొక్క ముక్క, ఐసు. బిట్టర్స్ కంపెనీ పేరు బోకర్స్ కాగా ‘బోగార్ట్స్’ అని అచ్చయింది. ఈ ఒక్క అచ్చుతప్పు చాలు, నోటిమాట కాగితమెక్కేటప్పుడు ఎక్కడ జారుతుందో తెలియడానికి.

ఇప్పుడు బేగంపేట వైపు కథ. జిన్ అండ్ టానిక్‌కు పాళ్ళు ఎవరూ రాయకపోవడంలో ఆశ్చర్యం లేదు, పేరే రెసిపీ. పెరుగన్నం ఎలా చేయాలని పుస్తకం వెతికేవాళ్ళుంటారా? కనక ఆ పేరు ఎక్కడ, ఏ సందర్భంలో కాగితమెక్కిందో చూడాలి. ఇప్పటికి తెలిసిన తొలి ప్రస్తావన 1868 నాటి ఒక క్రీడాపత్రికలో ఉంది. పంజాబులోని సియాల్‌కోట్‌లో గుర్రప్పందేలు ముగిశాక జనం అడుగుతున్న పానీయాల్లో అదొకటి. అక్కడ జ్వరం లేదు, ఆసుపత్రి లేదు, బారకాసులూ లేవు. ఎండపూట చల్లగా ఏదైనా కావాలన్న దొరల సరదా ఉంది. అంతకు పదేళ్ళముందు, 1858లో, ఎరాస్మస్ బాండ్ అనే లండన్ వ్యాపారి టానిక్ నీళ్ళకు పేటెంటు తీసుకున్నాడు. అంటే సీసాలో గ్యాసు నింపిన క్వినైన్ నీళ్ళు లండన్‌లో పుట్టి ఇక్కడికి వచ్చాయి.

పంచ్ విషయంలో కాగితం మౌనాన్ని సాక్ష్యంగా తీసుకుని, ఇక్కడ మాత్రం కాగితం లేదు కాబట్టి సిపాయిల కథ అబద్ధమనడం న్యాయమా అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. సిపాయిలు ముందునుంచీ కలుపుకుంటూ ఉండి, ఎవరూ రాయకపోయి ఉండవచ్చు. అయితే మౌనాలన్నీ ఒక రకం కావు. వంటింటి మౌనం సహజం, గోదాము మౌనం అసహజం. క్వినైన్ ఇంటి సరుకు కాదు. 1820లో పారిస్‌లో పెలెటియే, కావెంటూ సింకోనా బెరడునుంచి దాన్ని విడదీశారు. నీలగిరుల్లో సింకోనా తోటలు వేసింది 1860 ప్రాంతంలో. అప్పటివరకు అది దక్షిణ అమెరికానుంచి రావలసిన ఖరీదైన మందు, సైన్యంలో వైద్యుల చేతిమీదుగా వెళ్ళేది. వైద్యులు రాశారు కూడా: పడమటి ఆఫ్రికా తీరంలో నౌకాదళం వాళ్ళకు బెరడునో క్వినైన్‌నో వైన్‌లో వేసి తాగించారు, 1854లో నైజర్ నదిమీద వెళ్ళిన బృందం క్వినైన్ వాడి ప్రాణాలతో తిరిగొచ్చింది. కాబట్టి మద్యంలో క్వినైన్ కలపడం జరిగింది, అది రాతలో ఉంది, కానీ అది వైద్యుడి ఆజ్ఞమీద మింగిన మందు. హిందూదేశంలో గోరా సిపాయి వాటాకు వచ్చేది రమ్ము, అరక్, తర్వాత బీరు. జిన్ సీసా, సోడా సీసా కొనుక్కోగలిగినవాళ్ళు అధికార్లు.

లెక్క వేసి చూసినా కథ నిలవదు. ఈనాటి అమెరికా నిబంధన ప్రకారం లీటరు టానిక్‌లో క్వినైన్ 83 మిల్లీగ్రాములు దాటకూడదు. మలేరియా వచ్చిన పెద్దమనిషికి చికిత్సలో రోజుకు ఇచ్చే క్వినైన్ ఇంచుమించు 1,800 మిల్లీగ్రాములు. దానికి టానిక్ నీళ్ళు 21 లీటర్లకు పైనే తాగాలి. పాత సీసాల్లో క్వినైన్ కొంత ఎక్కువే ఉండేదనుకున్నా, అందులో జిన్ కూడా పోస్తే జ్వరంకంటే ముందే మనిషి పడిపోతాడు. పైగా 1868లో ఎవరికీ దోమ సంగతి తెలియదు, చిత్తడి నేలల చెడుగాలే జ్వరకారణమనుకునేవాళ్ళు. సికింద్రాబాదు దండులో పనిచేస్తూ రాస్ ఆ సంగతి తేల్చేసరికి సియాల్‌కోట్ పందేలు జరిగి ఇరవైతొమ్మిదేళ్ళయింది. అతను కూడా మందుకోసం కాక దోమకోసం డబ్బు ఖర్చుపెట్టాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా. జిన్ కథలో ఎవరికీ గుర్తులేని పేరు అది, ఆ అణాల లెక్క మాత్రం రాస్ రాసుకోబట్టి మిగిలింది.

రాతకూ ప్రయాణానికీ ఉన్న ముడి అన్నిటికంటే బాగా కనిపించే జిన్ కాక్‌టెయిల్ ఇంకొకటుంది. దాని ఊరు రంగూన్, మన ఉత్తరాంధ్ర పెద్దలు ‘రంగం’ అని పిలిచిన ఊరు. అక్కడి పెగూ క్లబ్బు తెల్లదొరలది. క్లబ్బు పేరునే ఉన్న పానీయంలో రెండు పాళ్ళు జిన్, ఒక పాలు కురసావో, చెంచాడు నిమ్మరసం, ఆంగొస్టురా బిట్టర్స్ ఒక చుక్క, నారింజ బిట్టర్స్ ఒక చుక్క. థామస్ 1862లో రాసిన జిన్ కాక్‌టెయిల్ పక్కన దీన్ని పెట్టి చూడండి. కొత్తగా వచ్చి చేరింది ముఖ్యంగా నిమ్మరసమే. సారా, తీపి, నిమ్మపులుపు అనగానే పేటపోలిలో కోలీ తాగిన గిన్నె గుర్తొస్తుంది. బంగాళాఖాతం ఈవలి గట్టున పెద్ద గిన్నెలో ఉన్నది ఆవలి గట్టున చిన్న గ్లాసులోకి దిగిందని నా ఊహ. రుజువు చేయగలిగిన వంశవృక్షం కాదు గానీ, దినుసుల పోలిక గట్టిది.

ఈ పానీయం పాళ్ళు అచ్చయింది రంగూన్‌లో కాదు. 1920లలో పారిస్‌లో హ్యారీ మెకెలోన్ పుస్తకంలోనూ, 1930లో లండన్ సవాయ్ హోటల్ బార్‌మన్ హ్యారీ క్రాడక్ పుస్తకంలోనూ వచ్చింది. అది బర్మా క్లబ్బులో ఇష్టపానీయమని, దేశదేశాలు తిరిగి ఇప్పుడు ప్రపంచమంతటా అడుగుతున్నారని క్రాడక్ దాని కింద రాశాడు. అప్పటికి అది ఊరు దాటింది, అందుకే రాయవలసి వచ్చింది. సరిగ్గా ఆ 1930లోనే, మే నెలలో, రంగూన్ రేవులో ఓడల సరుకు దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అనేవాళ్ళు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరుమీద. సమ్మె విరవడానికి పెట్టిన బర్మా కూలీలకూ వీళ్ళకూ మధ్య చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏటి జనాభా లెక్కల్లో రంగూన్ వాసులు దాదాపు 4 లక్షలు, అందులో సగానికి పైగా హిందూదేశంవాళ్ళు. జిన్ పెట్టెలైనా, కురసావో సీసాలైనా ఆ రేవులో దిగవలసిందే, ఆ రేవులో దించే పని ఎక్కువగా మనవాళ్ళదే. లండన్ పుస్తకానికి ఆ సంగతితో పనిలేదు, దాని పాఠకుడికి కావలసింది పాళ్ళు.

1941 డిసెంబరులో రంగూన్‌మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో జపానువాళ్ళు ఊరు పట్టుకున్నారు. లక్షలమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇటు వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు గంజాం, శ్రీకాకుళం, విశాఖ పల్లెలు చేరారు. క్లబ్బు దొరలూ చెల్లాచెదురయ్యారు. 2005లో న్యూయార్క్‌లో పెగూ క్లబ్ పేరుతో ఒక బార్ తెరిచారు. అది 2020లో మూతపడేదాకా, రంగూన్ ముఖం చూడనివాళ్ళు క్రాడక్ పుస్తకంలోని పాళ్ళను కాస్త సవరించి, నిమ్మరసం పెంచి, ఆ పానీయాన్ని కలుపుతూ వచ్చారు.